అన్నయ్యకి సినిమా చెప్పే మనిషి

ఆమెకి ఆ పేరు పెట్టింది సినిమా హాలు గుమ్మం దగ్గర టికెట్లు చింపే మనిషి. "అదిగో, గుసగుసమ్మ వచ్చింది. ఇవాళ రెండు సినిమాలు ఆడతాయి, ఒకటి తెర మీద, ఒకటి వెనక వరసలో" అని నవ్వేవాడు. పేరు అతుక్కుపోయింది. ఆమె పనిచేసే డ్రై క్లీనింగ్ షాపులో అలాగే పిలుస్తారు, ఇంట్లో వదినా అలాగే పిలుస్తుంది. కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

గుసగుస సంగతి చెప్పాలంటే వాళ్ళ అన్నయ్యతో మొదలుపెట్టాలి, తప్పదు. పదేళ్ళ వయసులో అతనికి మాయదారి జ్వరం ఒకటి వచ్చి, పోతూ పోతూ రెండు కళ్ళూ పట్టుకుపోయింది. మంచం దిగాక ఆ పిల్లాడు మొట్టమొదట అడిగింది సినిమా. తల్లికి గుండె చెరువైంది. అయినా తీసుకెళ్ళింది. చెల్లెల్ని వాడి పక్కన కూర్చోబెట్టి, "అన్నయ్యకి చెప్పవే, నీకేం కనిపిస్తే అది చెప్పు" అంది. చెల్లెలికి అప్పటికి అక్షరాలే సరిగ్గా రావు. "ఒకాయన వచ్చాడు. మీసాలున్నాయి. ఏడుస్తున్నాడు. గుర్రం. గుర్రం వెళ్ళిపోయింది" అని చెవిలో చెప్పుకుంటూ పోయింది. ఇంటికొచ్చాక వాడు ఆ కథంతా ఇరుగుపొరుగు పిల్లలకి పూసగుచ్చినట్టు చెప్పాడు. సగం సొంత కవిత్వమే అనుకోండి. కాని ఆ రోజు వాడి మొహం చూసిన తల్లి, ఇక ప్రతి వారం ఇద్దర్నీ సినిమాకి పంపింది.

పెద్దయ్యాక అన్నయ్య ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరయ్యాడు. పెళ్ళి చేసుకున్నాడు. వదినకి సినిమాలంటే పడదు. హాల్లో దీపాలు ఆర్పితే చాలు, నిద్రపోతుంది. గుసగుస మటుకు పెళ్ళి మాటెత్తితే "సినిమా మధ్యలో లేచి రాలేను" అనేది. అలాగే లేవకుండా నలభై దాటించేసింది. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. పగలంతా ఆమె షాపులో బట్టల మీద మరకలు చూసుకుంటూ, ఆవిరి ఇస్త్రీ కింద కోట్లు సాపు చేసుకుంటూ ఉంటుంది. సెలవు రోజు వచ్చిందా, అన్నా చెల్లెళ్ళు వెనక వరసలో మూల సీట్లలో తేలతారు.

ఆమె చెప్పే పద్ధతి ఒకటుంది. మాటలు వినపడుతుంటే నోరెత్తదు. మాటకీ మాటకీ మధ్య సందు దొరికిందా, చటుక్కున దూరి, తలుపు తీశాడనీ, కత్తి దాచిందనీ, వెనక్కి తిరిగి చూశాడనీ చెప్పేసి బయటికొచ్చేస్తుంది. సినిమా బాగాలేకపోతే కథలో కాస్త చెయ్యి పెడుతుంది కూడా. ఒకసారి హీరో పరమ మొద్దులా ఉన్నాడని జాలిపడి, అతని వెనకాల ఒక కుక్కని నడిపించింది. కుంటి కుక్క. అన్నయ్య ఆ కుక్కకోసం తెగ బెంగపడిపోయాడు. మర్నాడు ఆస్పత్రిలో దాన్ని తలుచుకుంటే నర్సు ముక్కున వేలేసుకుంది. "ఆ సినిమా నేనూ చూశానండీ, అందులో కుక్కెక్కడిది?" అంది. అన్నయ్య ఇంటికొచ్చి పడీ పడీ నవ్వాడు. "ఒసేయ్, ఆ సినిమాలో బాగున్నదల్లా ఆ కుక్కేనే!" అన్నాడు.

ఇంత హాయిగా సాగిపోతున్న వ్యవహారం ఒక సినిమా దగ్గర ఆగింది.

అందులో కొడుకుని సాగనంపి వచ్చిన తల్లి వంటగదిలో గిన్నెలు కడుగుతుంది. వీపు మనవైపు. మాటల్లేవు, పాటల్లేవు, నీళ్ళ చప్పుడొక్కటే.

"ఏమవుతోందే?" అన్నాడు అన్నయ్య.

"గిన్నెలు కడుగుతోంది."

"ఊ. ఇంకా?"

"కడుగుతోంది, అంతే."

ఆ రెండో మాట దగ్గర ఆమె గొంతు బొంగురుపోయింది. ఫోన్లో దగ్గు వింటే మనిషిని పోల్చుకునే అన్నయ్యకి అది తెలియకుండా ఎలా ఉంటుంది?

"గిన్నెలు కడిగితే ఏడుస్తావేంటే?"

హాలంతా ముక్కులు ఎగబీలుస్తోంది. అన్నయ్య ఒక్కడే పొడి కళ్ళతో, ఎవరిదో పెళ్ళికి తప్పిపోయి వచ్చినవాడిలా కూర్చున్నాడు. బయటికొచ్చాక బస్సులో నెమ్మదిగా అన్నాడు. "అందరికీ ఏదో పెట్టారు. నా విస్తట్లో మాత్రం వెయ్యలేదు." కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు. ఆ మాట గుసగుసని వారాల తరబడి తినేసింది. తన కళ్ళే అతని కళ్ళనుకుంది ఇన్నేళ్ళూ. తన కళ్ళకి అందినది తన నోటికి అందలేదు. అందకపోవడానికి కారణం తన చేతకానితనమేనని ఖాయం చేసుకుంది.

అలా ఉండగా, ఊళ్ళో కాలేజీ వాళ్ళు సినిమా కళ మీద ఎమ్మే పెడుతున్నారనీ, సాయంత్రం క్లాసులనీ షాపుకి కోటు ఉతకడానికి ఇచ్చిన ఒక లెక్చరరు చెప్పాడు. ఎప్పుడో పోస్టులో చదివి తెచ్చుకున్న డిగ్రీ పట్టా బీరువా అడుగునుంచి తీసింది. ఇంటర్వ్యూలో ఎందుకు చేరుతున్నారని అడిగితే, "మా అన్నయ్యకి చూపు లేదండీ. గిన్నెలు కడగడం ఎలా చెప్పాలో నేర్చుకుందామని" అంది. ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు మొహమొహాలు చూసుకున్నారు. మూడో ఆవిడ, మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడేసుకున్న సన్నటి పెద్దావిడ, చూసుకోలేదు. "మంచిది. రండి" అంది. అందరూ మేడమ్ అనేది ఆవిణ్ణే.

క్లాసు కాలేజీ నేలమాళిగలో. మడత సీట్లు, గోడకి తెల్ల తెర, వెనక ప్రొజెక్టరు ఫ్యాను రొద. పిల్లలంతా పాతికేళ్ళ లోపువాళ్ళు. వాళ్ళకి ఆమె ఆంటీ. మేడమ్ మొదటి రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక వీధి మీద మనిషి నడిచి వెళ్ళే ముక్క వేసి, "ఏం చూశారు?" అంది. మనిషి ఒంటరితనం అన్నారొకరు. నగరం క్రూరత్వం అన్నారు ఇంకొకరు. "అవి మీరు అనుకున్నవి. చూసినవి చెప్పండి" అని మళ్ళీ వేసింది. మళ్ళీ. మళ్ళీ. నాలుగోసారికి గుసగుస సీట్లో ముందుకు జరిగింది. మనిషి నడుస్తున్నకొద్దీ వీధి దీపం కింద అతని నీడ వెనకనుంచి ముందుకొస్తోంది. అతనికన్నా ముందే నీడ మలుపు తిరిగింది.

"నీడ ముందు వెళ్ళిందండీ" అంది.

"అవును. దీపం అక్కడ ఎందుకుంది?"

"మునిసిపాలిటీ వాళ్ళు పెట్టారేమో."

పిల్లలు గొల్లుమన్నారు. మేడమ్ కూడా నవ్వింది. "ఆ వీధిలో అసలు దీపమే లేదమ్మా. ఆ నీడకోసం సినిమా తీసినాయన అక్కడ స్తంభం పాతించాడు."

గుసగుస తెర వంక కొత్తగా చూసింది. ఇన్నేళ్ళూ సినిమా అంటే ఎక్కడో జరిగిపోయినదాన్ని మనకి చూపిస్తారనుకుంది. కాదట. ప్రతి నీడ వెనకా, ప్రతి కిటికీ వెనకా, ఇక్కడ నిలబడదాం, ఇంతసేపు ఆగుదాం అని ఆలోచించిన మనిషి ఒకడున్నాడట. అమ్మ బాబోయ్, ఎంత పని! ఎంత ఓపిక! ఆ సాయంత్రం నడిచి ఇంటికి పోతుంటే మెట్ల మీద పడిన వెలుగుని చూసి ఆగిపోయింది. ఎదురింటివాళ్ళ తలుపు సగం తెరిచి ఉంటే, ఆ సగంలోంచి కనిపిస్తున్న కుర్చీ కాలు చూస్తూ నిలబడింది. లోపలివాళ్ళు అనుమానంగా బయటికి తొంగిచూసి, తలుపేసుకున్నారు. పాపం వాళ్ళని అనడానికి లేదు.

ఇక చదువు తలకెక్కింది. లైబ్రరీ పుస్తకాలు ఇస్త్రీ బల్ల పక్కకి చేరాయి. ఒక కోటు చేతి మీద ఇస్త్రీ మరక కూడా పడిందంటారు, పోనివ్వండి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా. నేర్చుకున్నదల్లా ఎప్పుడెప్పుడు అన్నయ్య చెవిలో పోసేద్దామా అని ఆమె తహతహ. ఒక సెలవు రోజు ఇద్దరూ ఓ నేరాల సినిమాకి వెళ్ళారు.

"అన్నయ్యా, ఇప్పుడు కెమెరా నేల మీదనుంచి పైకి చూస్తోంది. అంటే ఆ పోలీసాయన మనకి కొండంత కనిపిస్తున్నాడు. అంటే అధికారం..."

"తలుపు తీసిన చప్పుడైంది, ఎవరొచ్చారు?"

"చెప్తానుండు. గోడ అంతా ఖాళీగా వదిలి ఇతన్ని ఒక మూలకి తోశారు చూశావా, దాని అర్థం ఏమిటంటే..."

ఢామ్మని తుపాకీ పేలింది. హాలంతా కెవ్వుమంది. అన్నయ్య కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఎవరు చచ్చారే? ఎవరు కాల్చారు?"

గుసగుసకి తెలీదు. ఆమె గోడ చూస్తోంది.

దేవుడి సాక్షిగా చెప్పాలంటే అక్కడ ఇద్దరికీ నవ్వు రావాలి. కుక్క విషయంలో నవ్వలేదూ? కాని ఈసారి అన్నయ్య నవ్వలేదు. సినిమా అయిపోయేదాకా మళ్ళీ ఏమీ అడగలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అన్నాడు. "ఇదివరకు నువ్వు చూస్తుంటే నేనూ చూస్తున్నట్టుండేది. ఇప్పుడు నువ్వు చూసేసి వచ్చి నాకు పాఠం చెప్తున్నావు. నువ్వు చదువుకో తల్లీ, నాకేం కోపం లేదు. నన్ను మాత్రం సినిమాకి పిలవకు."

వదిన వంటింట్లోంచే అందుకుంది. "చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా! ఆ గుసగుసేదో గుసగుసగానే ఉండక!"

అన్నంత పనీ చేశాడు అన్నయ్య. సెలవు రోజుల్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె "పోదామా?" అంటే "నువ్వెళ్ళిరా" అన్నాడు. ఒక్కతే వెళ్ళింది. తెర మీద ఎవరో తలుపు తీశారు. నోరు దానంతటదే తెరుచుకుని పక్క సీటుకి తిరిగింది. అక్కడ ఎవరిదో సంచీ ఉంది. సగంలో లేచి వచ్చేసింది. పెళ్ళికి కూడా లేవని మనిషి!

రెండో ఏడాదికి పేరు నమోదు చేసుకోవాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. అన్నయ్యకోసం మొదలుపెట్టిన చదువు అన్నయ్యని సినిమాకి దూరం చేసింది కదా, ఇక ఎవరికోసం? మానేస్తానని మేడమ్‌కి చెబుదామనుకుంటూ ఆ సాయంత్రం క్లాసుకెళ్ళింది. చెప్పేలోపే దీపాలు ఆరాయి.

అది మూకీ సినిమా. గీతలు పడి, అక్కడక్కడా తెగి అతికిన పాత బొమ్మ. కథ ఇంతే. ఒక కుటుంబం తాము చాలాకాలం ఉన్న ఇల్లు ఖాళీ చేస్తుంది. సామాన్లు కట్టుకుంటారు, పోట్లాడుకుంటారు, పిల్ల ఒకటి మెట్ల కింద దాక్కుంటుంది, వెతికి పట్టుకుపోతారు. బండి కదులుతుంది. సినిమా అయిపోయిందనుకుంటాం. అవదు. కెమెరా వాళ్ళతో వెళ్ళకుండా ఖాళీ గదిలో ఉండిపోతుంది. కిటికీలోంచి ఎండ గోడ మీద పడి ఉంటుంది. ఆ ఎండ ముక్క కదులుతుంది. కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా. గోడ మీద ఒకచోట పటం తీసేసిన తెల్లటి చదరం ఉంది. ఎండ వెళ్ళి వెళ్ళి ఆ చదరాన్ని చేరుతుంది. కాసేపు ఉంటుంది. పోతుంది.

దీపాలు వెలిగాక ఎవరూ కదల్లేదు. గుసగుస చెంపలు తడిసిపోయాయి. ఆ సినిమాలో తల్లి గిన్నెలు కడిగినప్పుడు గొంతుకి అడ్డంపడ్డది ఏదో, ఇదీ అదే. ఎప్పుడో పోయిన మనిషెవడో, ఆమె పుట్టకముందే, ఒక గోడ ముందు కూర్చుని ఎండ వచ్చేదాకా ఆగాడు. అతను ఆగినంతసేపూ ఇప్పుడు ఆమెని ఆపాడు. ఇంత గొప్ప సంగతి ఈ లోకంలో ఉందా, ఉండి తనలాంటిదానికి కూడా దొరికిందా అని ఆమెకి దణ్ణం పెట్టాలనిపించింది, ఎవరికి పెట్టాలో తెలియలేదు. ఆ వెంటనే అన్నయ్య గుర్తొచ్చాడు.

మానేస్తానని చెప్పడానికి మేడమ్ దగ్గరికి వెళ్ళిన మనిషి ఇంకోటి అడిగింది. "ఇది మళ్ళీ ఒకసారి వేస్తారా అండీ? మా అన్నయ్యని తీసుకొస్తాను."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇందులో శబ్దం కూడా లేదమ్మా. ఆయనకి పట్టుకోడానికి ఏముంటుంది?"

"నేనుంటానండీ. ఇది చెప్పలేకపోతే రెండో ఏడాదికి రాను."

మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఎలా చెప్పాలో నాకు తెలిస్తే నేర్పేదాన్ని. నాకూ తెలీదు. మధ్యాహ్నంపూట హాలు ఖాళీగా ఉంటుంది, తీసుకురండి" అంది.

ఇంట్లో సంగతి చెబితే అన్నయ్య రేడియో గొంతు తగ్గించాడు. "నేను రాకపోతే?"

"మానేస్తా."

"వచ్చాక నాకేం అర్థం కాకపోతే?"

"అప్పుడూ మానేస్తా."

"ఓసి నీ బెదిరింపులు బంగారంగానూ!" అన్నాడు. వదిన మాత్రం అతని చొక్కా తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది. "అర్థమయినట్టు నటించకండి. అది కనిపెట్టేస్తుంది" అని మొగుడికి చెప్పడం గుసగుస చెవిన పడింది.

నేలమాళిగ మెట్లు తడుముకుంటూ దిగి అన్నయ్య మడత సీట్లో సర్దుకున్నాడు. "దీపాలు ఆర్పుతున్నానండీ" అంది మేడమ్. "నా గురించి ఆగకండి, నేనెప్పుడూ సిద్ధమే" అన్నాడతను. మేడమ్ నవ్వి వెనక ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళింది. హాల్లో ముగ్గురే.

గుసగుస చెప్పడం మొదలుపెట్టింది. మాటల మధ్య సందు వెతుక్కోవాల్సిన పని లేదు, అంతా సందే. ముందు కాస్త తడబడింది. కెమెరా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేసింది. "తల్లి మంచం విప్పుతోంది. ఒక కోడు ఊడట్లేదు. కాలితో తన్నింది. భర్త చూస్తున్నాడు, సాయం రావట్లేదు." అన్నయ్య పెదవి చివర కదిలింది. "పిల్ల కనపడట్లేదు. మెట్ల కింద ఉంది. మనకి తెలుసు, వాళ్ళకి తెలీదు." "అయ్యో, పట్టుకుంటారేమో" అన్నాడు. పట్టుకున్నారు. బండి కదిలింది. ఇంతవరకు బాగానే ఉంది, ఇంతవరకు ఆమె ఎప్పుడూ చెయ్యగలిగిందే.

తెర మీద ఖాళీ గది నిలబడింది.

"గది. ఎవరూ లేరు."

"ఎవరొస్తారు?"

"ఎవరూ రారు. గోడ మీద ఎండ ఉంది."

"ఊ. ఇంకా?"

అదే మాట. ఆమెకి చెమటలు పట్టాయి. దీని అర్థం ఏమిటో పేజీలకి పేజీలు చెప్పగలదు. కాలం అనొచ్చు, జ్ఞాపకం అనొచ్చు. అవన్నీ చెబితే ఎండ వెళ్ళిపోతుంది. కుక్కనొకదాన్ని నడిపించనూ వచ్చు. ఈ గదిలోకి ఎలకపిల్లని తెచ్చినా పాపమే. "ఎండ కదులుతోంది" అంది. "ఎంత నెమ్మదిగా అంటే..." ఎంత నెమ్మదిగానో మాట దొరకలేదు. ఏడుపొచ్చింది. అన్నయ్య ఎదురుచూస్తున్నాడు. ఎండ ఎదురుచూడటం లేదు.

చీకట్లో అతని చెయ్యి లాక్కుంది. అరచెయ్యి తిరగేసి తన ఒళ్ళో పెట్టుకుంది. "ఇది గోడ" అంది. మణికట్టు దగ్గర తన వేలు ఆనించి, కళ్ళు తెరమీదనుంచి తిప్పకుండా, ఎండ జరిగినంతే జరిపింది. ఎండ ఆగినట్టు అనిపిస్తే వేలూ ఆగినట్టయింది. ఎండ పాకితే వేలూ పాకింది. మరకల మందులకి మొద్దుబారిన వేలు అది. కదులుతోందో లేదో ఆమెకే తెలియడం లేదు. అన్నయ్య మొదట వేళ్ళు ముడవబోయాడు. తర్వాత విప్పాడు. కొంతసేపటికి అతని ఊపిరి కూడా నెమ్మదించింది.

అరచెయ్యి మధ్యకి చేరబోతుండగా తెర మీద ఎండ అంచు ఆ తెల్లటి చదరాన్ని తాకింది. ఇది చెప్పాలి. ఇక్కడ ఒకప్పుడు పటం ఉండేదనీ, దాన్ని తీసుకుపోయారనీ, దాని జాడ మిగిలిందనీ చెప్పకపోతే ఎలా? ఆమె అతని చెవి వైపు వంగింది.

"అన్నయ్యా, అక్కడ..."

"ష్. ఉండవే" అన్నాడు అన్నయ్య. గొంతు బొంగురుపోయింది. మొహం తెర వైపే ఉంది. "మాట్లాడకు. చూడనీ."

గుసగుస నోరు మూసుకుంది. వేలు కదుపుతూనే, అన్నయ్య పక్కన కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా సినిమా చూసింది.